గుమ్మంలో నిలబడ్డ నాన్న

నాన్నకు,

నీ చిన్నది నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని, అక్క నీ సిగరెట్లు దాచేయడం ఇంకా మానలేదని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. కళ్ళజోడు మార్పించుకున్నాను. ఇక్కడి కత్తెరలు మన కొట్లోవాటంత పదునుగా ఉండవు, నువ్వే గెలిచావు. నా పక్క బల్ల దగ్గర కాజాలు కుట్టే ఆవిడ బాగానే ఉంది. మా కుట్టుగదిలో ఈ దేశంలో పుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. యజమానురాలు కూడా చిన్నప్పుడు వలస వచ్చిన మనిషే. ఈసారి ఫ్యాషన్ షోకి మా అందరి కథలూ పుస్తకంగా వేయించింది. కాజాల ఆవిడ తండ్రి పళ్ళ డాక్టరు. పుస్తకంలో మాత్రం ఆవిడ దిక్కులేని పిల్ల అయిపోయింది. "నిన్న ఫోన్లో చెబితే మా నాన్న తెగ నవ్వాడు" అంది.

ఆ పుస్తకం పంపితే నా పేజీకి పటం కట్టించి కొట్లో పెడతానన్నావు. నేను మాట దాటేస్తూ వచ్చాను. ఫోన్లో చెబుదామని చేసి, నీ గొంతు వినగానే ఇక్కడి చలి గురించి మాట్లాడి పెట్టేస్తున్నాను.

పుస్తకం కోసం మా కథలు రాసుకునే అమ్మాయి వచ్చినప్పుడు నీ గురించే మొదలుపెట్టాను. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీవని, ఒళ్ళో కూర్చోబెట్టుకుని కుట్టు నేర్పావని చెప్పాను. ఆమె రాయడం ఆపేసింది.

"మీ దేశంలో ఆడపిల్లల్ని ఇలా పంపరు కదా. మీ నాన్న అడ్డుపడలేదా?"

"లేదండీ."

"మరి మీరు బయల్దేరిన రోజు ఏం చేశారు?"

"గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు" అన్నాను. నా కోటు గుండీ వదులైందని, అది కుట్టేదాకా కదలనివ్వలేదని చెప్పబోయాను. అప్పటికే ఆమె గబగబా రాసుకుంటోంది.

"బలవంతంగా ఆపాలని చూశారన్నమాట" అంది. పక్కన యజమానురాలు కళ్ళు తుడుచుకుంటోంది. నా డిజైన్లు షోకి తీసుకోవాలా వద్దా అని తేల్చేది ఆవిడే. అవునన్నట్టు తల ఊపాను.

పుస్తకంలో నువ్వు నా మెషిన్ విరగ్గొట్టావు. నన్ను గదిలో పెట్టి తాళం వేశావు. నా డిజైన్లు షోకి తీసుకున్నారు. చదివినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని పాపం అంటున్నారు. నాకు సిగ్గు వేయాలి, ఏడుపు రావాలి. ఏదీ రావడం లేదు నాన్నా. ఆ పేజీ చదివి, టీ కాచుకుని తాగి, పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఇప్పుడు నిన్ను పిలిపిస్తారట. టిక్కెట్టు ఖర్చు వాళ్ళదే. షో చివర వేదిక ఎక్కి నువ్వు నన్ను క్షమించమని అడగాలి, నేను నిన్ను వాటేసుకోవాలి. మా నాన్న రారని చెప్పాను. "ఇంకా కోపం తగ్గలేదా?" అని యజమానురాలు అడిగింది. మళ్ళీ తల ఊపాను.

వాళ్ళు నేరుగా నీకే ఫోన్ చేస్తారేమో. రానని చెప్పు. చేయని తప్పుకి క్షమాపణ ఏమిటని నువ్వు అడగవు. పిల్లకి మంచి జరుగుతుందంటే చాలు, ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకుని వచ్చి, నలుగురి ముందూ ఆ మాట అనేస్తావు. అందుకే రావద్దంటున్నాను.

ఇట్లు,
నీ చిన్నది