మాచర్ల మీదుగా పోయిన విమానం

మాచర్ల,
12 సెప్టెంబరు 1949.

మరిది డాక్టరు దేవానందంగారికి వదిన దయామణి ప్రభువు పేరట వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేము క్షేమం. హైదరాబాదులో మీరూ, మీ కొత్త ఇల్లాలూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. మా ఇంట్లో ఎస్తేరు పోలికలతో ఒక పాప తిరుగుతోందని ఎవరో చెప్పారట. అది మీ బిడ్డేనా అని అడిగారు. అయితే వచ్చి తీసుకుపోతానన్నారు. మళ్ళీ పెళ్ళి చేసుకొని రెండేళ్ళయినా పిల్లలు కలగలేదని కూడా రాశారు. నా చెల్లెలు ఎస్తేరు పోయిన రెండేళ్ళ ఎనిమిది నెలలకు మీరు బిడ్డ మాట ఎత్తడం ఇదే మొదలు.

పాప సంగతి చివర రాస్తాను. ముందు ఆ మూడు రోజుల సంగతి వినండి. ఎన్నడూ అడగలేదు గనక మీకు తెలియదు.

గురువారం పొద్దున ఎస్తేరుకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ కిందికి దిగడం లేదని, ఇక తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసింది. అప్పుడు మీరున్న మద్రాసుకు తంతి కొట్టించాను. ఆ రాత్రి మెయిలెక్కితే శుక్రవారం సాయంత్రానికి మాచర్లలో దిగేవారు. చీకటి పడకముందే మీ జవాబు వచ్చింది. చాలా దూరం, ఆసుపత్రిలో సెలవు లేదు, రాలేను అని.

శుక్రవారం మధ్యాహ్నం ఊరి మీదుగా ఒక విమానం పోయింది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకొని, ఏందక్కా ఆ మోత, ఆయనొస్తన్నాడా అని అడిగింది. వస్తన్నాడమ్మా అని అబద్ధమాడాను. శనివారం తెల్లారేసరికి నా చెల్లెలు ప్రాణం విడిచింది.

నెల తర్వాత కొత్త ఉద్యోగం కబురు మీరే రాశారు. ఇంటర్వ్యూకు మద్రాసు నుంచి హైదరాబాదుకు విమానంలో వెళ్ళారట. మూడువందల పైచిలుకు మైళ్ళు, రెండున్నర గంటల్లో చేరారట. పైన కాఫీ కూడా ఇచ్చారట. తేదీతో సహా రాశారు. అది ఆ శుక్రవారమే. ఆ విమానం పల్నాటి మీదుగానే పోతుందని పోస్టుమాస్టరు ఇస్మాయిల్ గారు చెప్పారు. అంటే మీరు కాఫీ తాగుతూ మా ఇంటి కప్పు మీదుగానే పోయారన్నమాట.

పాస్టరుగారు క్షమించమంటారు. ప్రతి ఆదివారం మోకరించి ప్రయత్నిస్తున్నాను. నా వల్ల కావడం లేదు.

వస్తానన్నారు కనుక రండి. ఎస్తేరు సమాధి మిషను బడి వెనక ఉంది. మీరింతవరకు చూడలేదు.

ఇట్లు,
వదిన
దయామణి

తా.క. ఇది గుంటూరు స్టేషనులో రాస్తున్నాను. ఇక నిన్ను మీరు అనలేను. ఆ పాప నీ బిడ్డే. శుక్రవారం పొద్దుగూకే వేళ పుట్టింది. మర్నాడు నీకిచ్చిన తంతిలో ఎస్తేరు పోయిందని మాత్రమే రాయించాను. బిడ్డ ఏమైందని నువ్వు అడగలేదు. అడిగి ఉంటే ఎత్తుకొచ్చి నీ చేతుల్లో పెట్టేదాన్ని. ఇప్పుడు నా ఒడిలో నిద్రపోతోంది. నన్నే అమ్మా అంటుంది. మిషను బడిలో నా ఉద్యోగం మానేశాను. ఈ ఉత్తరం నీకు చేరడానికి మూడు రోజులు పడుతుంది. అప్పటికి మేమెక్కే రైలు ఎన్ని మైళ్ళు పోతుందో నువ్వే లెక్కపెట్టుకో. కావాలంటే విమానంలోనే రా. ఏ ఊరికో మాత్రం చెప్పను.