పగిలిన గాజు ప్లేట్లు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గిద్దలూరులో నీ ఫోటో దుకాణం ఇప్పుడు నీ తమ్ముడిది.

నోటి వరసకే నువ్వు నాకు అన్నవి. ముప్పై దాటిన నేను బట్టల్లేకుండా నీ కెమెరా ముందు నిలబడితే, "చలేస్తాందా చెల్లీ? వద్దంటే ఆపేద్దాం" అనేవాడివి. నన్ను అడగకుండా ఆ పటాలు ఎవరికీ చూపలేదు.

నీ తమ్ముడు నువ్వు పటం పట్టిన గాజు ప్లేట్ల నుంచి వాటిని అచ్చు తీసి రైలు దిగినవాళ్లకు అమ్ముతున్నాడు.

"అమ్మొద్దు తమ్ముడూ" అని బతిమాలాను.

"విప్పినప్పుడు లేని సిగ్గు ఇప్పుడేందక్కా?" అని నవ్వాడు.

అతని ఎదుటే నీ గాజు ప్లేట్లన్నీ నేలకేసి కొట్టాను. నేను నల్లమల కొండల వైపు తిరిగి కూర్చున్న పటం, నువ్వు ప్రాణంగా చూసుకున్నది, అదీ మిగల్లేదు.

ఇక నీ పనితనమూ నా ఒళ్లూ కలిసి ఉన్నది, ఆ కొన్నవాళ్ల ట్రంకుపెట్టెల్లోనే.