ఆడవాళ్ల బాత్రూంలో ఆడవాళ్ల చరిత్ర

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,
రసాయనశాస్త్ర శాఖ స్టోరు కీపరు వ్రాసుకొను అర్జీ.

విషయం: రసాయనశాస్త్ర భవనము రెండవ అంతస్తులోని మహిళల మరుగుదొడ్డిని మహిళా చరిత్ర మందిరముగా మార్చుట – తత్ఫలితముగా ఒక విద్యార్థినికి వైవా పరీక్షలో గైర్హాజరు వేయుట – సదరు పరీక్షను తిరిగి జరిపించమని కోరుట – గురించి.

అయ్యా,

పై విషయమై తమకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా. సవినయముగా అనే మాట ఆనవాయితీ కొద్దీ వ్రాసితిని. ఈ వారం నా దగ్గర వినయం స్టాకు లేదు.

1. సదరు మరుగుదొడ్డి మా అంతస్తులో ఆడవాళ్లకు ఉన్నది ఒక్కటే. రెండు లెట్రిన్లు, ఒక సింకు, తలుపు వెనక సంచి తగిలించుకోవడానికి ఒక కొక్కెం. సెలవులలో మేమెవరమూ లేని సమయమున మహిళా చరిత్ర ఉత్సవ సంఘము వారు దానిని "వినియోగము తక్కువగా ఉన్న స్థలము"గా గుర్తించినారు. ఎవరిని అడిగి గుర్తించారో తెలియదు. తలుపు బయట నిలబడి లెక్కపెట్టారేమో. సంఘంలో ఉన్న ఏకైక మహిళ మా శాఖ లెక్చరరమ్మ. అది మా బాత్రూమండీ అని ఆవిడ సమావేశంలో చెప్పింది. మినిట్సులో మాత్రం "సభ్యురాలు హర్షము వ్యక్తము చేసినారు" అని ఉన్నది.

2. ఆ గది మాకు ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అంతస్తులో ఆడవాళ్లకు ఏమీ లేదు. ల్యాబుల్లో పనిచేసేవాళ్లం, చదువుకునే పిల్లలు అందరం కలిసి తమరి ఆఫీసుకే అర్జీ మీద అర్జీ పెట్టాం. ఆడవాళ్లను చేర్చుకుంటే ఇవన్నీ అడుగుతారనే మేం మొదట్లో వద్దన్నాం అని అప్పటి అధికారి ఒకాయన మా మొహం మీదే అన్నాడు. అయినా వదల్లేదు, సాధించాం. ఈ భవనంలో ఆడవాళ్ల చరిత్ర అంటూ ఏదైనా ఉంటే అది ఆ రెండు లెట్రిన్లే. ఇప్పుడు వాటిలో సిమెంటు పోసి, పైన ఆకుపచ్చ తివాచీ పరిచారు. "సాధించుకున్న హక్కులు" అనే బోర్డు సరిగ్గా ఆ స్థానంలోనే పెట్టారు.

3. మందిరము యొక్క ప్రస్తుత స్థితి. గోడలకు నున్నటి టైల్సు ఉన్నందున మేకు దిగదు. కావున చరిత్రను టేపుతో అంటించినారు. పొద్దున ఎవరు ముందు వస్తే వారు కింద పడిపోయిన మహనీయురాళ్లను ఏరి మళ్లీ అంటించవలసి వస్తున్నది. ఫినాయిలు వాసన పోలేదు. గోడకు అవతల మగవారి మరుగుదొడ్డి ఉన్నది, దాని జోలికి ఎవరూ పోలేదు. రెండింటికీ పైపు ఒకటే కనుక ఇటువైపు పైపు తీయడం కుదరలేదట. అటువైపు ఎవరు ఫ్లష్ నొక్కినా ఇటువైపు "మహిళల గళం" అనే బోర్డు వెనకనుంచి దబదబా చప్పుడు వచ్చును. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథిగారి ప్రసంగానికి ఆ చప్పుడు చాలాసార్లు అడ్డం వచ్చింది. ఆవిడ ప్రతిసారీ ఆగి, అది తగ్గాక మొదలుపెట్టింది. మగవాళ్లు మధ్యలో అడ్డుపడటం ఆవిడకు అలవాటే అనుకుంటాను.

4. అభ్యంతరమున్నవారు గ్రంథాలయ భవనములోని సౌకర్యమును వాడుకొనవచ్చునని నోటీసు అంటించినారు. తమరు ఎప్పుడైనా అక్కడిదాకా ఆ అవసరం మీద నడిచారా? మెట్లన్నీ దిగి, మైదానం దాటి, బ్యాంకు ముందు క్యూలో ఉన్నవాళ్లందరి మధ్యనుంచి వెళ్లి, గేటు దగ్గర కార్డు చూపించి, సంచి అప్పగించి, సంతకం పెట్టాలి. ఒంటికి పోవడానికి సంతకం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా బతుకు. మా ల్యాబు ఆడపిల్లలు సగంమంది పొద్దున్నుంచీ మంచినీళ్లు ముట్టడం మానేశారు.

5. ఇక అసలు సంగతి. పై విషయమున పేర్కొన్న విద్యార్థిని నాకు స్వయానా మేనకోడలు. సొంత మనిషి కాబట్టి ఇంత గొడవ చేస్తున్నానని అంటారు. అవును, చేస్తున్నాను. పరాయి పిల్లయితే తమరు మాత్రం వినేవారా?

వైవా, ఉత్సవ ప్రారంభం రెండూ ఒకే రోజు పెట్టినారు. పరీక్షకులు మా శాఖాధిపతిగారు. ఉత్సవ సంఘానికి కన్వీనరూ ఆయనే. మైకు కనబడితే వదలరు కనుక స్టోరులో మేం ఆయనను మైకు మాస్టారు అంటాం, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పిల్లది వరుసలో ఆఖరి పేరు. రిపోర్టు గుండెలకు హత్తుకుని పొద్దుటినుంచీ వరండాలో నిలబడే ఉంది. ఒక్కొక్కరికి చాలాసేపు పడుతున్నది కనుక, ఇంకా వ్యవధి ఉన్నదా అని అటెండరును అడిగి, అతనికి చెప్పి మరీ లైబ్రరీకి పరిగెత్తింది. ఈలోగా ముఖ్య అతిథిగారు బయలుదేరారని ఫోను వచ్చింది. మైకు మాస్టారు దీని ముందున్న అబ్బాయిని పేరూ ఊరూ అడిగినట్టు నాలుగు ముక్కలు అడిగి పంపేసి, దీని పేరు పిలిచారు. బాత్రూంకి వెళ్లిందండీ, లైబ్రరీదాకా పోవాలి కదా అని అటెండరు చెప్పనే చెప్పాడు. బాధ్యత లేని పిల్ల అని ఆయన గైర్హాజరు వేసి, పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఇది వానలో తడిసి ముద్దయి వచ్చేసరికి ఆయన మెట్లు దిగుతున్నారు. సార్, నా వైవా అని ఏదో అనబోయింది. అందుకు ఆయన అన్న మాటను యథాతథముగా వ్రాయుచున్నాను. అటెండరూ నేనూ అక్కడే ఉన్నాం.

"ఇవాళ మీ ఆడవాళ్ల పండగమ్మా. ముందు వరుస ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఈ పిచ్చిది వెళ్లి కూర్చుంది. చప్పట్లు కూడా కొట్టింది. ఎందుకు కొట్టావే అని ఇంటికొచ్చాక నిలదీశాను. "సార్ చూస్తే మనసు మారుతుందేమో అనుకున్నా అత్తా" అంది. ఆ మాటకు నాకు వచ్చిన ఏడుపూ కోపమూ అర్జీలో వ్రాయదగినవి కావు.

మర్నాడు శాఖ నోటీసు బోర్డు మీద ఉత్సవం ఫొటో పెట్టారు. ముందు వరుసలో తడిజుట్టుతో మా పిల్ల, కింద "ఉత్సాహంగా పాల్గొన్న విద్యార్థినులు" అని ఉంది. ఆ ఫొటో అంచు మీదుగానే వైవా ఫలితాల కాగితం, అందులో అదే పిల్ల గైర్హాజరు. రెండింటికీ కలిపి ఒకటే గుండుసూది గుచ్చారు. ఒకే మధ్యాహ్నం, ఒకే మనిషి చేతిమీదుగా, పిల్ల ఉన్నదీ లేనిదీ కూడా అయింది.

6. ఈ వైవా లేనిదే డిగ్రీ లేదు. డిగ్రీ లేనిదే మందుల కంపెనీ ల్యాబులో దానికి వచ్చిన ఉద్యోగం లేదు, వచ్చే నెల చేరాలి. మార్కులు ఖాయం చేసే సంఘము శుక్రవారం కూర్చుంటున్నది. ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా మార్చలేమని మీ పరీక్షల విభాగం వారే అన్నారు. మైకు మాస్టారిని అడిగితే వచ్చే ఏడు రాసుకుంటుంది లెండి, ఆడపిల్లకు అంత తొందరేముంది అన్నారు. మహిళా చరిత్ర మీద గంటసేపు మాట్లాడిన నోరే అది. మా తమ్ముడు, అంటే పిల్ల తండ్రి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, నెమ్మదిగా అడుగక్కా అన్నాడు. రెండుసార్లు నెమ్మదిగానే అడిగాను. ఊరు మంచిదవలేదు. ఇక ఇదే నా నోరు.

కావున తమరిని కోరునది ఏమనగా, శుక్రవారం లోపుగా సదరు విద్యార్థినికి వేరొక పరీక్షకుల చేత వైవా జరిపించవలెను. అటెండరు సాక్ష్యం చెప్పడానికి సిద్ధముగా ఉన్నాడు, పాపం వణుకుతూనే ఉన్నాడు గానీ చెబుతానన్నాడు. రెండవది, ఆ సిమెంటు తవ్వించి మా బాత్రూము మాకు ఇప్పించవలెను. బోర్డులను కింద వరండాలో పెట్టుకోండి, వచ్చేపోయేవాళ్లు చదువుకుంటారు. చరిత్ర ఎంతకాలమైనా ఆగగలదు. మేం ఆగలేం.

దయతో చిత్తగించవలెను. దయ లేకపోయినా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(అర్జీ నమూనాలో "విధేయుడు" అని అచ్చయి ఉన్నందున కొట్టివేసి వ్రాసితిని)
స్టోరు కీపరు, రసాయనశాస్త్ర శాఖ

జతపరచినవి: ఫొటో ఒకటి, ఫలితాల కాగితం ఒకటి. గుండుసూది తీయలేదు.

తా.క. ఇది తమరి చేతికే ఇద్దామని పొద్దున్నే వచ్చాను. అయ్యగారు బాత్రూంకి వెళ్లారు, కూర్చోండి అన్నాడు మీ అటెండరు. నాతోపాటు ఇంకో నలుగురు ఉన్నారు, అందరం కూర్చున్నాం. ఈ నాలుగు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను, తమరింకా రాలేదు. తొందరేం లేదు, నిదానంగానే రండి. ఇక్కడ తమరికి ఎవరూ గైర్హాజరు వెయ్యరు.