పిన్నిని అడిగేదాకా ఆ సూది ముట్టను

జెబినిసా,

సన్నబడే సూదిమందు ఫ్రిజ్ తలుపులో పెరుగు సీసా వెనక ఉంది. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టకు. నాన్నకి షోర్వా వేడిచేసి, అందులో రొట్టె తుంచి పెట్టు. నానమ్మ అడిగితే పరామర్శకి వెళ్లానని చెప్పు.

నేను కోకంద్‌లో మా హోజర్ పిన్ని దగ్గరికి వెళ్తున్నాను. ఇంట్లో ఎవరికైనా గొంతులోని థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ మందు తీసుకోకూడదట, ముందు కనుక్కుని రమ్మంది డాక్టరమ్మ. మీ అమ్మమ్మది మెడవాపనే మేమంతా అనుకున్నాం. ఆ రోగం పేరు మన ఇళ్లలో ఎవరు పలుకుతారు? ఆస్పత్రిలో చివరిదాకా పక్కనున్నది పిన్నే. ఫోన్‌లో అడిగితే, "నోరు కడుక్కోవే! అలాంటి మాట పైకి అంటారా? వచ్చి నా చెవిలో అడుగు" అని పెట్టేసింది.

మీ మేనత్త నన్ను "తలుపులో పట్టని వదిన" అన్నప్పుడు నువ్వూ నవ్వావు. అందుకే ఈ మందు తెచ్చుకున్నాను. ఇప్పుడు లావు సంగతే గుర్తుకు రావడం లేదు. అమ్మకి వచ్చింది అదే అయితే నాకు రాకుండా ఉంటుందా అనుకుంటూ చెప్పులు వేసుకున్నాను.

అమ్మ

అద్దం ముందు నిలబడి నీ మెడ తడుముకోకు. నేను వచ్చాక ఇద్దరం కలిసి వెళ్లి చూపించుకుందాం.