పొగ వేసే ముందు

అక్కా,

నాకేం ఫర్వాలేదు, భయమంతా మా సాలలో గుర్రాల గురించే. జోరీగలు ముసిరి వాటి నెత్తురు తాగేస్తున్నాయి. జ్వరంతో ఉన్న తెల్లగుర్రం మీద జాలిపడి దాని పక్కన పొగ వేశాం. ఈగలన్నీ లేచి పక్క గుర్రాల మీద వాలాయి. ఇప్పుడు వాటికీ జ్వరమే. "దాని జబ్బును మీరే ఈగలతో పంచిపెట్టించారు కదయ్యా!" అని పశువుల డాక్టరు తల పట్టుకున్నాడు. తెల్లది చివరికి తోక ఆడించడం కూడా మానేసింది, నిన్న పోయింది.

మన నల్లగేదె జ్వరంతో మేత ముట్టడం లేదని రాశావు. ముందు దాన్ని మిగతావాటికి దూరంగా కట్టు, ఆ తర్వాతే పొగ వెయ్యి. డాక్టరును తీసుకురమ్మని బావను తరుము, రేపు మాపు అంటే ఊరుకోకు. పిల్లలకు ముద్దులు.

గేదె ఇంకా తోక ఆడిస్తోందా? ఆ ఒక్క ముక్క వెంటనే రాయి.

నీ తమ్ముడు