హంపికి వెళ్ళే రైలు బళ్ళారిలో ఆగుతుంది

సిరుగుప్ప దగ్గర, క్యాంపు నుంచి

పూజ్యుడైన అన్నయ్యకు, చెల్లెలు సుశీల నమస్కారాలతో రాస్తున్నది.

మేమిక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ, వదినా, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటున్నాను. అనుకోవడమే గాని తెలిసే దారి లేదు. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పెద్దమ్మ దగ్గు ఎలా ఉందో రాయలేదు. చూడి గేదె ఈనిందో లేదో రాయలేదు. ఉత్తరం ఈ చివర నుంచి ఆ చివర దాకా హంపి, హంపి, హంపి. హంపిలో ఏమేం చూడాలి, ఎక్కడ దిగాలి, మనవాళ్ళు తినే తిండి దొరుకుతుందా, మంచినీళ్ళు పడతాయా అని. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. అలాగే ఉంది నా పని.

సరే, అడిగావు కనుక చెబుతాను. కోతలయ్యాక ఊళ్ళోవాళ్ళతో కలిసి వస్తున్నామన్నావు. ఎండలు ముదరకముందే రండి. ఇక్కడ మాఘమాసం దాటితే రాళ్ళు పెనాల్లా కాలతాయి. గుడి ముందు చెప్పులు విడిచి లోపలికి పోయేసరికి వదిన అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. బస హోస్పేటలో చూసుకోండి. స్టేషనుకు దగ్గరలోనే సత్రం ఉంది. హంపిలో పడుకోవడానికి చోటేమీ లేదు, పాత మంటపాలున్నా వాటిల్లో జనం కాపురాలున్నారు. తెల్లవారుతూనే హోస్పేటలో బస్సెక్కితే ఎండెక్కకముందే విరూపాక్షస్వామి దర్శనం అయిపోతుంది. ఆ తర్వాత నది ఒడ్డు దారి పట్టి విఠలుడి గుడికి వెళ్ళాలి. రాతి రథం అక్కడే ఉంది. మధ్యాహ్నం మాత్రం ఆ దారిన నడవకండి, చెట్టు నీడ దొరకదు. ఏనుగుల శాల, రాణుల స్నానాల తొట్టి కమలాపురం వైపు ఉన్నాయి. అటు బండి మాట్లాడుకోండి. మహానవమి దిబ్బ మెట్లు ఎత్తుగా ఉంటాయి, వదినను కింద కూర్చోబెట్టండి.

ఇదంతా చదివి, సుశీల ఎంత బాగా చూసి వచ్చిందో అనుకుంటావేమో. నేను ఆ రాతి రథం చూడలేదన్నయ్యా.

మనవాళ్ళు వచ్చినప్పుడల్లా హంపికి పోయాను. పోయిన ప్రతిసారీ విరూపాక్షుడి గుడి ముందు మంటపంలో మూటల దగ్గర కూర్చున్నాను. "సుశీల ఇక్కడిదే కదా, ఎప్పుడైనా చూస్తుంది, మూటలు దాని దగ్గర పెట్టండి" అని అందరూ వెళ్ళిపోతారు. కోతులు చుట్టూ చేరతాయి. చేతికర్ర పట్టుకుని పులిహోర గిన్నెలకు కాపలా కాస్తాను. సాయంత్రానికి చెమటలు కక్కుతూ తిరిగి వచ్చి, రథం ఎంత బాగుందో, గుడి స్తంభాలు తడితే ఎలా మోగాయో నాకే చెబుతారు. అలా విని విని నేర్చుకున్న దారులివి. ఎవరికి ఎక్కడ కాలు బెణికిందో, ఎక్కడ దాహమేసిందో నాకు కంఠతా వచ్చు.

ఇక తిండి. హోస్పేట బ్రాహ్మల హోటల్లో అన్నం దొరుకుతుంది, బాగానే ఉంటుంది. సాంబారులో బెల్లం వేస్తారు. వేశారని మన బాబాయిలా విస్తరి ముందు కూర్చుని రాద్ధాంతం చేయకండి. కారం కావాలంటే పొడి అడగండి, ఇస్తారు. పొద్దున పూట ఉగ్గాని తినండి. నానబెట్టిన బొరుగులను పోపు పెట్టి చేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. పిల్లలు ఇష్టంగా తింటారు. ఖానావళి అని బోర్డు ఉన్నచోట వేడివేడి జొన్నరొట్టె చేతిలో తట్టి వేస్తారు, దాంతో గుత్తివంకాయ లాంటి కూర పెడతారు. రొట్టె చల్లారితే మనం నమలలేం, వేడిగా ఉన్నప్పుడే తినేయాలి. కాఫీ మాత్రం మన వైపు కంటే ఇక్కడే బాగుంటుంది. ఈ మాట వదినకు చెప్పకు, నొచ్చుకుంటుంది.

"మనవాళ్ళు తినే తిండి దొరుకుతుందా" అని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర ఉత్తరం కింద పెట్టేశాను. నీ చెల్లెలు ఇక్కడ ఏం తింటున్నదనుకున్నావు? కాలవ నీళ్ళతో మేము పండించిన వడ్లు సిరుగుప్ప మిల్లులో ఆడి బళ్ళారి బజారుకు పోతున్నాయి. హోస్పేట హోటల్లో నీ విస్తట్లో వడ్డించే అన్నం మా చేలోదే కావచ్చు. మనవైపువాళ్ళం వచ్చి ఈ క్యాంపు వేసుకున్న కొత్తలో తుమ్మచెట్లు కొట్టి, దుబ్బులు పీకి, ఎగుడుదిగుడు నేలను చదును చేసేటప్పుడు జొన్నరొట్టె తిన్న మాట నిజమే. అది కూడా పక్క ఊరి లింగమ్మ పెడితే తిన్నాం. ఇప్పుడు ఆమె మా నాట్లకు వస్తుంది, మా బియ్యం పట్టుకుపోతుంది. మేము బాగానే ఉన్నామన్నయ్యా. నల్లరేగడి బురద కాళ్ళకు పట్టుకుంటే వదలదు, గాలికి కళ్ళలో దుమ్ము పడుతుంది, మాట్లాడితే సగం కన్నడం, సగం తెలుగు. ఐనా బాగానే ఉన్నాం.

ఇల్లు సంగతి నీకు మళ్ళీ రాయకూడదనుకున్నాను. ఉండబట్టలేక రాస్తున్నాను. పెంకుటిల్లు పూర్తయి చాలాకాలమైంది. గోడలకు సున్నం కొట్టాం, తలుపులకు రంగు వేశాం. మేము మాత్రం ఇంకా పక్కనున్న పాకలోనే ఉంటున్నాం. పోయిన వానల్లో పాక కారితే గిన్నెలు పెట్టి పట్టాను. కొత్తింట్లో వడ్ల బస్తాలు కాపురం చేస్తున్నాయి. వాటికి గృహప్రవేశం అక్కర్లేదు కదా.

ఎందుకో నీకు తెలుసు. పుట్టింటివాళ్ళు బట్టలు తెచ్చి పెట్టాలి, అవి కట్టుకుని పీటల మీద కూర్చోవాలి, పాలు పొంగించాలి. మన ఇళ్ళల్లో ఎవరికైనా అలాగే జరిగింది. రమ్మని నీకు రాశాను. నువ్వు బట్టలు పంపావు. ఎవరి చేత? హంపి చూడవచ్చిన బాబాయి చేత. ఎక్కడ ఇచ్చారు? మంటపంలో, మూటల దగ్గర. "మీ అన్నయ్య పంపాడమ్మా, గృహప్రవేశానికి పుట్టింటి బట్టలు, ఇదిగో" అని పొట్లం నా ఒళ్ళో పడేసి రథం చూడ్డానికి వెళ్ళిపోయాడు. అంతలో ఒక కోతి పులిహోర గిన్నె మూత లాగింది. గిన్నె వదిలేశాను గాని పొట్లం వదల్లేదు. ఆ రోజు అందరూ పులిహోర లేదని నన్ను తిట్టారు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. తిరుగు బస్సులో వచ్చింది.

బాబాయి తప్పేమీ లేదు. ఇవ్వమన్నది ఇచ్చాడు. బట్టలు పంపితే చాలు, ముచ్చట తీరిపోయిందని నువ్వనుకున్నావు చూడు, అదీ నాకు కష్టంగా ఉన్నది. పొట్లం విప్పనైనా విప్పలేదు. చీర ఏ రంగో నాకిప్పటికీ తెలియదు. మా ఆయన మంచివారే గాని మొన్న ఆయనకూ విసుగొచ్చింది.

"బట్టలొచ్చాయి కదే. ఇంకా ఏమిటి నీ పంతం? మళ్ళీ వానాకాలం వస్తే ఈ పాకలో నేనుండను" అన్నారు.

"బట్టలొచ్చాయి, మనిషి రాలేదు. మనిషి వచ్చాకే పాలు పొంగిస్తాను" అన్నాను. ఆ పూట ఆయన అన్నం తినకుండానే కాలవ గట్టుకు వెళ్ళిపోయారు.

లింగమ్మ ఊరుకుంటుందా? నీ ఉత్తరం వచ్చిందని తెలిసి కలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"ఏంది సుశీలమ్మా, మీ అన్న వస్తాండాడంట. రాళ్ళు చూసేకి వస్తాండాడా, నిన్ను చూసేకి వస్తాండాడా?"

"హంపి చూసి పోతాడట. ఇక్కడిదాకా రావడానికి తీరదట" అన్నాను.

"మా పక్క అట్ల లేదమ్మా. ఈ సీమకొచ్చినోడు ముందు ఇంటికి రావాల. బెల్లం ముక్క తిని నీళ్ళు తాగాల. ఆమ్యాక యాడికన్నా పోనీ. తోబుట్టువు గడప తొక్కకుండా దేవుని గడప తొక్కితే ఆ దేవుడేం మెచ్చుతాడు? ఇల్లు కట్టుకొని గుడిసెలో ఉండేది నిన్నే చూస్తాండా. సుమ్నే, ఊరికే ఎందుకు నీకీ బాధ, వడ్ల మూటలు ఈతల పెట్టి పాలు పొంగించుకో."

మా అన్నయ్య మంచివాడే అన్నాను. "మంచోడే అయితే దారి తెలీదేమో పాపం" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు తల కొట్టేసినట్టయింది.

దారి తెలియకపోవడానికి ఏముంది? మేము ఊళ్ళో చేను అమ్ముకుని వచ్చేస్తున్న రోజున స్టేషనులో నన్ను పక్కకు పిలిచి నువ్వన్న మాట నాకు గుర్తుంది. "ఆ రాళ్ళ దేశానికి పోతే పోండి, ఆ నేల మీద మాత్రం నేను కాలు పెట్టను" అన్నావు. కోపంలో అన్న మాటే అనుకుని నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. నీకు పట్టుదల ఎక్కువ, నాకూ ఎక్కువే, ఒక తల్లి పిల్లలమే కదా. కాని అన్నయ్యా, ఒక్క మాట అడుగుతాను. హంపి ఏ నేల మీద ఉందనుకుంటున్నావు? ఆకాశంలో ఉందా? అది ఇదే జిల్లా, ఇదే తుంగభద్ర. హంపి ముందు పారే ఆ నీళ్ళే కిందికి వచ్చి మా ఊరి పక్కన పోతున్నాయి. రాళ్ళ కోసం తొక్కే నేలను చెల్లెలి కోసం తొక్కలేవా?

నువ్వు రాసిన చివరి ముక్కకు జవాబు చెప్పి ముగిస్తాను. "మీ క్యాంపుకు రావడానికి వ్యవధి లేదు, నువ్వే హంపికి వచ్చెయ్యి, వస్తూ పులిహోర పట్టుకురా" అన్నావు. రాను. ఈసారి హంపికి నేను రాను, పులిహోర రాదు, మూటలకు కాపలా ఎవరినైనా చూసుకోండి. మీకు అన్నం మా ఇంట్లో వండుతాను. ఆకలైనవాళ్ళు ఇక్కడికి రావాలి.

వచ్చే దారి చెబుతాను, హంపి దారి కంటే తేలిక. గుంటూరులో ఎక్కిన రైలు గుంతకల్లు దాటాక, హోస్పేట కంటే ముందే బళ్ళారిలో ఆగుతుంది. ఇంజనుకు నీళ్ళు పట్టేదాకా కదలదు. బళ్ళారిలో దిగితే సిరుగుప్పకు బస్సులున్నాయి. సిరుగుప్ప నుంచి మా బండి వస్తుంది. దారి పొడుగునా రెండు వైపులా వరిచేలే, మన ఊరే అనుకుంటావు. ఒక్క పూట ఉండి, పాలు పొంగించి, మరునాడు హంపికి వెళ్ళండి. అప్పుడు కావాలంటే నేనూ వస్తాను. మూటలు ఇంట్లో పెట్టి వస్తాను, ఆ రథం ఏదో నేనూ చూస్తాను.

నువ్వు వచ్చే రోజు తెలిపితే ఆయన బళ్ళారి స్టేషనులో ఉంటారు. నువ్వు పంపిన పొట్లం కట్టింది కట్టినట్టే ఆయన చేతిలో ఉంటుంది. దిగితే అది నీ చేతికిస్తారు, నువ్వే తెచ్చి నాకు పెట్టు. దిగకపోతే కిటికీలోంచి నీకు అందిస్తారు, తీసుకుని హంపికి వెళ్ళు. నేను నిన్ను ఇంకేమీ అడగను. వడ్ల బస్తాలను ఇంట్లోనే ఉండనిస్తాను.

వదినకు గోంగూర గింజలు మూట కట్టి తెమ్మను. ఇక్కడి గోంగూరకు మన పులుపు లేదు. పెద్దమ్మ కాళ్ళకు నా దణ్ణాలు చెప్పు. పిల్లలను అడిగానని చెప్పు. మేము బాగానే ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోవద్దు. నీ దీవెనలు నాకెప్పుడూ కావాలి అన్నయ్యా, కాని ఈసారి వాటిని ఎవరి చేతా పంపకు.

ఇట్లు,
ఎంత కోపమొచ్చినా నీ చెల్లెలు,
సుశీల