చుక్క ఆగింది

హాలిఫాక్స్,
ఆదివారం

మోరీన్ అక్కకి,

హమ్మయ్య, కొత్త బాయిలర్ అక్కర్లేదట! ఇల్లు వెచ్చబడ్డానికి హీటింగ్ వేసినప్పుడల్లా గోడ బయటి గొట్టంలోంచి నీళ్లు కారి, పక్కింటి డోరీన్ వాకిట్లో గడ్డకట్టేవి కదా. "నా నడుం విరగ్గొడతారా?" అని రోజూ తగువే.

మెకానిక్ చూసి నవ్వాడు. "వేడెక్కితే నీళ్లు ఉబ్బుతాయమ్మా. ఉబ్బినవి ఈ ఎర్ర డబ్బాలోకి పోవాలి. మేడ మీద గదులు కట్టి, వేడినీళ్లు తిరిగే రేడియేటర్లు పెంచారు, డబ్బా మాత్రం పాతదే ఉంచారు. ఇక బయటికి కారక ఏం చేస్తాయి?" అన్నాడు. మొత్తం నీళ్లు లెక్కగట్టి, సరిపోయేంత పెద్దది బిగించాడు. చుక్క కారితే ఒట్టు.

నిన్న డోరీన్ తలుపు బాదింది. మళ్లీ తగువే అనుకున్నాను.

"గొట్టం ఎండిపోయిందేంటే! హీటింగ్ పాడైందా? చలికి చస్తారు, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రా" అంది.

బాగుపడిందన్న మాట వాళ్లింట్లో టీ తాగాకే చెప్పాను.

నీ చెల్లి